పౌడర్ రూముకు గడియ

మా ఆఫీసులో సంగీతం పుట్టడానికి కారణం ఒక గడియ ఊడిపోవడం.

మాది పీచు ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి, కాకినాడ ప్రధాన కార్యాలయం. కొబ్బరి పీచుతో తాళ్ళూ, పట్టాలూ, పరుపులూ చేసేవాళ్ళను ప్రోత్సహించడం మా పని. ఎలా ప్రోత్సహిస్తారని మాత్రం అడక్కండి, ఆ ఫైలు ఇంకా నడుస్తోంది. నేను ఇక్కడ సూపరింటెండెంటుని. పేరు విశ్వపతి.

మెట్ల కింద, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలేంత జాగాలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉంది. దాని తలుపుకు లోపలివైపు ఉండే ఇత్తడి గడియ ఒకనాడు ఊడి కింద పడింది. మగవాళ్ళది పై అంతస్తులో ఉంది. దానికి తలుపే లేదు కాబట్టి గడియ సమస్య రాలేదు.

గడియే కదా, నాలుగు మరలు బిగిస్తే పోలేదా అంటారు మీరు. ఆ ఒక్క మాటతో మీరు సర్కారు నౌకరీ చెయ్యలేదని తెలిసిపోతుంది. తలుపుకు ఉన్నంతసేపూ గడియ స్థిరాస్తి. ఊడి కింద పడిన క్షణం నుంచీ అది చరాస్తి. స్థిరాస్తిని ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది, చరాస్తిని స్టోర్సు విభాగం చూస్తుంది. చరాస్తిని మళ్ళీ స్థిరాస్తిగా మార్చే అధికారం రెండు విభాగాల్లోనూ ఎవరికీ లేదు. పారేద్దామా అంటే ఇత్తడిది. అందుచేత అది నా బల్ల మీదికి వచ్చి, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా కూర్చుంది. కాకినాడ సముద్రపు గాలికి అంతకన్నా మంచి బరువు నాకు దొరకలేదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. లోపల కూర్చున్న మనిషికి తలుపు అందదు. తలుపు తట్టి లోపలికి వెళ్ళే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు. అందుకని లోపలున్నవాళ్ళు పాడాలని ఒక ఆచారం ఏర్పడింది. పాట వినిపిస్తే మనిషి ఉన్నట్టు, వినిపించకపోతే లేనట్టు.

ఈ ఆచారాన్ని మొదలుపెట్టింది టైపిస్టు కనకరత్నం గారు. ఆవిడ మంగళహారతులు పాడతారు. అకౌంట్స్ చూసే శ్యామలాంబ గారికి పాటలు రావు కాబట్టి పంతొమ్మిదో ఎక్కం చెబుతారు. "పంతొమ్మిది పదులు నూట తొంభై" అని వినిపించిందంటే ఆవిడ ఇంక వచ్చేస్తున్నారని మాకు తెలుసు. ఎప్పుడైనా ఇరవయ్యో ఎక్కం కూడా మొదలైతే, ఆ పూట ఎవరో ఒకరు ఆవిడకి మజ్జిగ తెప్పించేవారు. మొత్తానికి అందరికీ అలవాటైపోయింది. బయటినుంచి వచ్చినవాళ్ళు మాత్రం, మీ ఆఫీసులో భక్తి ఎక్కువండీ అని మెచ్చుకుని వెళ్ళేవారు.

అలాంటి చోటికి శ్రావ్య వచ్చింది. ముమ్మిడివరం పిల్ల. పరీక్ష ముచ్చటగా మూడుసార్లు తప్పి, నాలుగోసారి నెగ్గి, జూనియర్ అసిస్టెంటుగా చేరింది. పేరు శ్రావ్యే గాని, ఏమైనా అడిగితే పెదవులు కదిలేవి, మాట మనం ఊహించుకోవాల్సి వచ్చేది. అటువంటి పిల్ల మెట్ల కింద నుంచి ఆఫీసంతా వినేలా పాట పాడుతుందా? పాడదు. పాడలేదు కాబట్టి వెళ్ళదు. వెళ్ళదు కాబట్టి పొద్దున్నించి సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టదు. వేసవి కాలం కాకినాడ ఉక్కలో, ఫ్యాను కింద కూర్చున్న నాకే నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఆ పిల్ల ఎండిన పెదవులతో జాబులు రాస్తూ కూర్చునేది.

"నేను బయట నిలబడి నీ బదులు పాడతానే పిల్లా, నువ్వెళ్ళిరా," అన్నారు కనకరత్నం గారు.

"వద్దండి. మీరు బయట పాడుతుంటే నేను లోపలున్నానని అందరికీ తెలిసిపోద్దండి," అంది శ్రావ్య. ఆ ముక్క మాత్రం నాకు వినిపించింది.

చివరికి ఆ పిల్ల ధైర్యం చేసి ఒక అర్జీ రాసింది. ఒకే వాక్యం. ఆడవారి మరుగుదొడ్డికి గడియ పెట్టించగలరు. నేను దానికి నోట్ జతచేసి, నా బల్ల మీది గడియ సంగతి కూడా వివరించి, మేనేజింగ్ డైరెక్టర్ గారికి పంపాను. నేను చేసిన పొరపాటల్లా ఒకటే. అప్పుడే ఆయన విదేశంలో శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు.

విద్యాధర్ గారు మంచివారు, చదువుకున్నవారు, ఏదో ఒకటి చెయ్యాలనే తపన ఉన్నవారు. మొదటి రెండు గుణాల వల్ల మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ శిక్షణ కార్యాలయ సౌందర్యం మీదట. నన్ను పిలిచి, అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించారు.

"విశ్వపతి గారూ, ఇది గడియ సమస్య కాదు. దృక్పథ సమస్య."

"చిత్తం సార్. గడియ ఒకటి బిగిస్తే..."

"లేడీస్ టాయిలెట్ అనే మాటలోనే వెనకబాటుతనం ఉంది. పౌడర్ రూమ్ అనాలి. అందులోనూ మిడ్ సెంచరీ మోడర్న్ పౌడర్ రూమ్. రాష్ట్రంలో ఏ శాఖకీ లేదు. మనకు ఉండబోతోంది."

"మిడ్ సెంచరీ అంటే సార్?"

"పోయిన శతాబ్దం నడిమి కాలం. యాభైలు, అరవైలు. అప్పట్లో అది ఆధునికం. ఇప్పుడు అప్పటికంటే ఆధునికం." ఆయన కళ్ళు మూసుకున్నారు. "సన్నటి ఏటవాలు కాళ్ళ బల్ల. ఆవపిండి రంగు గోడ. టేకు చెక్క. అనవసరమైనది ఒక్కటీ ఉండకూడదు. అదీ సిద్ధాంతం."

అనవసరమైనవి ఉండకూడదనే సిద్ధాంతం మా మండలిలోకి వస్తే చాలామంది కుర్చీలు ఖాళీ అవుతాయి. సాయంత్రానికి మెమో వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సిబ్బంది అభ్యర్థనను ప్రభుత్వ విశాల దృక్పథముతో పరిశీలించిన మీదట, గడియ అమర్చుట అను పరిమిత చర్యకు బదులుగా, సదరు గదిని సమగ్ర సౌందర్య ప్రాతిపదికన పునర్నిర్మించుటకు నిర్ణయించడమైనది. గడియ విషయము తదుపరి దశలో పరిశీలించబడును."

అది విని ఆడవాళ్ళు సంబరపడ్డారు. శ్యామలాంబ గారు మాత్రం నా దగ్గరికొచ్చి, "పౌడరు ఆఫీసే ఇస్తాదాండి, మనమే తెచ్చుకోవాలాండి?" అని అడిగారు. నేను ఆ సంగతి పైకి రాశాను. జవాబు ఇప్పటికీ రాలేదు.

హైదరాబాదు నుంచి తేజోవర్ధన్ అనే కన్సల్టెంటు దిగాడు. నల్ల చొక్కా, గుండ్రటి కళ్ళద్దాలు. మా ఇంజనీరు పేర్రాజు గారూ, నేనూ ఆయన్ను వెంటబెట్టుకుని మెట్ల కిందికి తీసుకెళ్ళాం. ముగ్గురం పట్టం కాబట్టి ఆయన లోపలా, మేము బయటా నిలబడ్డాం.

"ఈ గది ఊపిరి పీల్చుకోవడం లేదు," అన్నాడాయన.

"పీల్చుకోకపోవడమే మంచిదండి," అన్నారు పేర్రాజు గారు.

మా భవనం కట్టింది సరిగ్గా ఆ యాభైల్లోనే. ఆ గది నేల బూడిదరంగు మొజాయిక్, రాళ్ళ ముక్కలు పొదిగి నున్నగా రుద్దినది. తేజోవర్ధన్ దాన్ని తవ్వించేసి, అచ్చం పాత మొజాయిక్‌లా కనిపించే కొత్త టైల్స్ వేయించాడు. గది బయట కూజా పెట్టుకునే ఏటవాలు కాళ్ళ టేకు స్టూలు ఒకటి ఉండేది. దాన్ని పనికిరాని సామానులో పడేయించి, హైదరాబాదు నుంచి ఏటవాలు కాళ్ళ కొత్త స్టూలు తెప్పించి, పాతగా కనబడాలని మనిషిని పెట్టి గరుకు కాగితంతో రుద్దించాడు. కూజాని కిటికీలోకి మార్చుకున్నాం. నేల మీద పరచడానికి బయటి రాష్ట్రం నుంచి ఒక పట్టా వచ్చింది. పీచు పట్టాలను ప్రోత్సహించే మండలి వేరే పట్టా కొనవచ్చునా అని నేను సందేహం వెలిబుచ్చితే, మన పట్టాకు కాలానికి తగిన గంభీరత లేదని రాసి పంపారు.

ప్లాస్టిక్ బకెట్టూ, మగ్గూ యాభైల్లో లేవు కాబట్టి వాటిని వెళ్ళగొట్టారు. వాటి స్థానంలో ఒక రాగి గంగాళం, ఒక ఇత్తడి చెంబు వచ్చాయి. గోడకు చుట్టూ కిరణాలున్న గుండ్రటి అద్దం బిగించారు. మా కనకరత్నం గారు దాన్ని చూడగానే చెప్పులు విడిచి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకున్నారు. తలుపు కొత్తది, నున్నటి చెక్క. పిడి లేదు, మేకు కనపడదు. స్ప్రింగుల మీద ఇటు తోస్తే అటూ, అటు తోస్తే ఇటూ ఊగుతుంది.

"గడియ ఎక్కడొస్తుందండి?" అన్నాను.

తేజోవర్ధన్ నా వైపు జాలిగా చూశాడు. "గీత చెడిపోతుంది సర్. ఈ శైలికి ప్రాణం గీత. అడ్డంగా ఒక గడియ పెట్టామంటే తలుపు ఏడుస్తుంది."

తలుపు ఏడవకుండా ఉండటానికి మనుషులు ఏడవాలి కాబోలు అనుకున్నాను. అదే రోజు ఆయన నా గదిలోకి కాఫీకి వచ్చి, కప్పు కింద పెట్టబోతూ ఆగిపోయాడు. నా కాగితాల మీది గడియను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"సర్! ఇది ఒరిజినల్. యాభైల నాటి పోత ఇత్తడి. ఎక్కడ సంపాదించారు?"

"ఆ తలుపుదేనండి. ఊడిపోయింది. మళ్ళీ అక్కడే బిగిస్తే..."

"బిగిస్తారా! వాడితే అరిగిపోదా సర్?"

ఆయన దాన్ని పరుగున విద్యాధర్ గారి గదికి మోసుకెళ్ళాడు. మాకు ఏళ్ళుగా తెగని చిక్కు అక్కడ అరనిమిషంలో తెగిపోయింది. గడియ తలుపుకు ఉంటే స్థిరాస్తి, బల్ల మీద ఉంటే చరాస్తి, అద్దాల పెట్టెలో పెడితే కళాఖండం. కళాఖండాల మీద సర్వాధికారాలూ మేనేజింగ్ డైరెక్టర్‌వే. వారం తిరక్కుండా గడియను మెరుగుపెట్టి, గాజు పెట్టెలో పెట్టి, పౌడర్ రూము లోపలి గోడకు తగిలించారు. కింద చిన్న పలక. ‘గడియ, ఇత్తడి, మిడ్ సెంచరీ. తాకరాదు.’

నా కాగితాలు ఎగరడం మొదలుపెట్టాయి.

పనులు జరిగినన్నాళ్ళూ ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నది ఏ మెమోలోనూ లేదు. దారి వాళ్ళే చూసుకున్నారు. ఆఫీసుకు ఎదురుగా కల్యాణ మండపం ఉంది. అవి వైశాఖ ముహూర్తాలు, రోజూ పెళ్ళే. శ్రావ్యను మధ్యలో పెట్టుకుని కనకరత్నం గారూ, శ్యామలాంబ గారూ పెళ్ళివారిలా నడుచుకుంటూ వెళ్ళేవారు. ఆడపెళ్ళివారు వీళ్ళను మగపెళ్ళివారనుకుని గంధం పూసేవారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారనుకుని పన్నీరు చల్లేవారు. అక్కడి గదులకు లోపల గడియలున్నాయి. శ్రావ్య మొదటిసారి అక్కడికి వెళ్ళొచ్చి, కిటికీలోని కూజా ముందు నిలబడి, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగడం నేను చూశాను. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం ఏ ప్రమోషనుకీ కలగలేదు.

అయితే పెళ్ళంటే ఊరికే వెళ్ళి రావడం కుదరదు కదా. అక్షింతలు వెయ్యాలి, బంతిలో కూర్చోమంటే కూర్చోవాలి. ఒకనాడు హారతి పాడే మనిషి రాకపోతే కనకరత్నం గారు పాడారు. అది అందరికీ నచ్చి, తరువాతి పెళ్ళివారు ముందే వచ్చి ఆవిడను మాట్లాడుకున్నారు. సమీక్షా సమావేశంలో శ్యామలాంబ గారు లెక్కలు చూపించడానికి వంగగానే జడలోంచి పసుపు బియ్యం ఫైలు మీద రాలాయి. విద్యాధర్ గారు ఒక గింజను ఎత్తి పరీక్షగా చూశారు. మర్నాడు సర్క్యులర్.

"కార్యాలయ వేళలయందు సిబ్బంది అపరిచితుల వివాహములకు హాజరగుచున్నట్లు ఈ కార్యాలయపు దృష్టికి వచ్చినది. ఇకపై అట్టి వివాహములకు ముందస్తు అనుమతి పొందవలెను. అనుమతి కోరుచు వధూవరుల పేర్లు తెలుపవలెను."

అది కూడా సర్దుకున్నారు. మండపం గేటు మీద పూలతో రాసిన పేర్లు చూసి వచ్చి రోజూ అనుమతి అడిగేవారు, నేను ఇచ్చేవాణ్ణి. కాని ఆ తరువాత వచ్చినదాన్ని ఏ అనుమతీ ఆపలేకపోయింది. మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. కల్యాణ మండపానికి తాళం పడింది.

చిత్రమేమంటే, సరిగ్గా అప్పటికే మా పౌడర్ రూము పూర్తయింది. ఆవపిండి రంగు గోడ, కిరణాల అద్దం, గుండ్రటి దీపం, అన్నీ అమరాయి. ఎంత బావుందంటే, నా మేనకోడలి పెళ్ళి అందులోనే చెయ్యచ్చు, మనుషులు పడితే. మేనేజింగ్ డైరెక్టర్ గారు మోడర్న్ మనిషే గాని, మూఢంలో ప్రారంభోత్సవం చేయించేంత మోడర్న్ కాదు. పైగా ముఖ్య అతిథి ప్రిన్సిపల్ సెక్రటరీ గారు. అందుకని మంచి రోజులు వచ్చేదాకా గదిని మూసి ఉంచాలన్నారు. విలువైన సామాను ఉంది కాబట్టి తలుపుకు బయటివైపు పెద్ద ఉక్కు గడియ బిగించి తాళం వేశారు. గీత చెడుతుందని తేజోవర్ధన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆస్తి రక్షణ ముందు గీతలు ఆగవని పేర్రాజు గారు ఓదార్చారు. బయటి గడియ ఒక్క పూటలో మంజూరైంది.

శ్రావ్య మళ్ళీ నీళ్ళు మానేసింది. ఒక మధ్యాహ్నం జాబు రాస్తూ రాస్తూ బల్ల మీద తల వాల్చేసింది. ఒళ్ళు కాలిపోతోంది. కనకరత్నం గారు రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళు తాగకపోవడం వల్లే ఇదంతా అని డాక్టరు చీవాట్లు పెట్టిందట. సెలవు అయ్యాక వచ్చి, నా బల్ల ముందు నిలబడింది.

"నేను ఉద్యోగం మానేస్తానండి."

"అదేంటమ్మా! నాలుగుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం."

"నీళ్ళు తాగమన్నారండి డాక్టరుగారు. తాగితే వెళ్ళాలి కదండీ." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంట్లో చెప్తే నవ్వుతున్నారండి. గడియ లేదని గవర్నమెంటు ఉద్యోగం మానేత్తావా అంటన్నారు."

నాకు నవ్వు రాలేదు. ప్రారంభోత్సవం దాకా ఓపిక పట్టమని చెప్పి, విద్యాధర్ గారి దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి ఆయన సొరుగులోనే ఉంది.

"సార్, ఆ పిల్లకు ఒంట్లో బాగోలేదు. ఈ నాలుగు రోజులూ గది వాడుకోనిస్తే..."

ఆయన నిజంగానే బాధపడ్డారు. "విశ్వపతి గారూ, నాకు మాత్రం మనసు లేదా? కానీ ఆలోచించండి. ముందే వాడేస్తే, ప్రారంభించడానికి ఇంకేం మిగులుతుంది?"

ఆ మాటకు జవాబు ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు. పక్క వీధిలో ఉన్న మా ఇంటి తాళంచెవి కనకరత్నం గారి చేతిలో పెట్టి, ఆ పిల్లను రోజూ మధ్యాహ్నం తీసుకెళ్ళి రమ్మన్నాను. కానీ రోజుకు ఒక్కసారి సరిపోయేది కాదు. మానేస్తానన్న మాటను శ్రావ్య వెనక్కి తీసుకోనూ లేదు.

మంచి రోజు రానే వచ్చింది. మెట్లకు ఎదురుగా హాల్లో కుర్చీలు వేసి, పందిరి కట్టి, మైకు పెట్టారు. కుర్చీలన్నీ పౌడర్ రూము తలుపు వైపే తిరిగి ఉన్నాయి. తలుపు పక్కన శిలాఫలకం. ప్రోటోకాల్ ప్రకారం పేర్లన్నీ చెక్కేసరికి అది తలుపంత పొడుగు వచ్చింది. బయటి ఉక్కు గడియను మాత్రం, ఫొటోల్లో బాగుండదని పొద్దున్నే ఊడదీశారు.

ప్రిన్సిపల్ సెక్రటరీ మేడం రాజధాని నుంచి కారులో వచ్చారు. దారిలో ఎక్కడో వంతెన పని జరుగుతోందట, చాలా ఆలస్యమైంది. దిగీ దిగగానే మా సంప్రదాయం ప్రకారం కొబ్బరి బోండాంతో స్వాగతం చెప్పాం. పీచు మండలి కదా. ఎండకు ఆవిడ ఒకటి తాగి, బాగుందని ఇంకొకటి కూడా తాగారు. ఆ తరువాత ఉపన్యాసాలు మొదలయ్యాయి.

విద్యాధర్ గారు ఆ రోజు అద్భుతంగా మాట్లాడారు. స్త్రీ గౌరవం దగ్గర మొదలుపెట్టి, టేకు చెక్క మీదుగా, గడియ కథలోకి వచ్చారు. ఒక గడియ స్థిరాస్తిగా పుట్టి, చరాస్తిగా మారి, చివరికి కళాఖండంగా మోక్షం పొందిన వైనమంతా వివరించారు. ఆ వైనం జరుగుతున్నంతసేపూ మేడం కుర్చీలో ముందుకీ వెనక్కీ జరుగుతున్నారు. ఒక కాలు మీద వేసిన ఇంకో కాలును మార్చి వేశారు. నేను చూశాను, శ్రావ్య కూడా చూసింది. అది ఏ బాధో ఆ హాల్లో బాగా తెలిసినది ఆ పిల్లకే.

రిబ్బను కత్తిరించారు. పురోహితుడు కిరణాల అద్దానికి హారతి ఇచ్చాడు. చప్పట్లు అయ్యాక మేడం మెల్లిగా అన్నారు.

"నేను కొంచెం ఇది వాడుకుంటాను."

విద్యాధర్ గారు తెల్లబోయారు. కార్యక్రమ పత్రంలో ఆ అంశం లేదు. మేడం అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు. తలుపు రెండుసార్లు ఊగి నిలబడింది. హాలంతా కుర్చీల్లో కూర్చుని తలుపు వైపే చూస్తోంది, ఇంకెటు చూస్తుంది, కుర్చీలు అటే ఉన్నాయి. అంతలో సముద్రపు గాలి వచ్చింది. తలుపు కాస్త తెరుచుకుంది. లోపలినుంచి ఒక చెయ్యి దాన్ని మూసింది. మళ్ళీ గాలి. ఈసారి చెయ్యితో పాటు మేడం ముఖం కూడా కనిపించింది.

"దీనికి గడియ ఏదండీ?"

"మేడం, క్లీన్ లైన్స్..." అన్నారు విద్యాధర్ గారు మైకులో.

కనకరత్నం గారు లేచి నిలబడ్డారు. "పాడుకోవాలండి మేడంగారూ. ఇక్కడ మేవంతా అంతేనండి. పాట వినపడతంటే ఎవరూ తొయ్యరండి."

"నాకు పాటలు రావు!"

"ఎక్కాలైనా పర్లేదండి," అన్నారు శ్యామలాంబ గారు.

తలుపు మూసుకుంది. తరువాత లోపలినుంచి గంభీరమైన గొంతు వినిపించింది.

"ఉత్తర్వు!"

మేడం వెంట వచ్చిన స్టెనో, కుర్చీలో కునుకుతున్నవాడు, ఉలిక్కిపడి పుస్తకం తీశాడు. జీవితమంతా సర్వీసులో గడిపిన మనిషికి ఆగకుండా నోటికి వచ్చేది అదొక్కటే కాబోలు.

"పీచు ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి ప్రధాన కార్యాలయమునందలి స్త్రీల గదికి లోపలి గడియ లేకపోవుటను ప్రభుత్వము స్వయముగా, ప్రత్యక్షముగా, మిక్కిలి ఇబ్బందితో గమనించినది. సదరు గడియ, సదరు గదిలోనే, సదరు గోడకు, గాజు పెట్టెయందు వేలాడుచున్నట్లును గమనించినది..."

ఇంజనీరు పేర్రాజు గారు ఉండబట్టలేక లేచారు. "మేడం, ఏ పద్దు కిందండి?"

"నా పద్దు కింద! కూర్చోండి!" అంది లోపలి గొంతు. "కావున సదరు గడియను, స్థిరాస్తి, చరాస్తి, కళాఖండము అను వాదములతో నిమిత్తము లేకుండా, ఈ దినమే, ఈ గంటయందే, తలుపునకు లోపలివైపు, లోపలివైపు అను మాట కింద గీత గీయవలెను, బిగించవలెను." కాస్త ఆగింది. గాలికి తలుపు కదిలింది. "ఇంకా ఉంది! ఎవరూ లేవద్దు! ప్రతులు పంపవలసినవారు. ఒకటి, మేనేజింగ్ డైరెక్టర్ వారికి. రెండు, ఇంజనీరింగ్ విభాగమునకు. మూడు, స్టోర్సు విభాగమునకు. నాలుగు, అకౌంటెంట్ జనరల్ వారికి. అయిదు, జిల్లాలోని అన్ని కార్యాలయములకు. ఆరు..."

ఆరవ ప్రతి ఎవరికో చెప్పకముందే ఇత్తడి చెంబు గంగాళానికి తగిలిన చప్పుడైంది. మేడం బయటికి వచ్చారు. ఏం చెయ్యాలో తెలియక హాలంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ నేరుగా స్టెనో దగ్గరికి వెళ్ళి, కాగితం తీసుకుని, సంతకం చేశారు. మా మండలి చరిత్రలో అంత వేగంగా కదిలిన ఫైలు లేదు.

గాజు పెట్టె పగలగొట్టారు. మరలు లేవన్నారు పేర్రాజు గారు. మేడం ఇటూ అటూ చూసి, శిలాఫలకం వైపు వేలు చూపించారు. దాని మరలు నాలుగూ విప్పి గడియకు బిగించారు. పేర్లన్నీ మోస్తున్న ఫలకాన్ని మెట్లకు ఆనించి పెట్టారు. అది ఇవాళ్టికీ అక్కడే ఉంది. మేడం కారెక్కుతూ విద్యాధర్ గారితో ఏదో అన్నారు. ఏమన్నారో వినపడలేదు గాని, ఆయన ఆ తరువాత ఆవపిండి రంగు ఊసు ఎత్తలేదు.

మర్నాడు పొద్దున శ్రావ్య సీట్లో లేదు. ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే ఉండిపోయిందేమో అనుకున్నాను. అంతలో శ్యామలాంబ గారు మెట్ల కిందికి వెళ్ళారు. చెవి పెట్టి విన్నారు. పాట లేదు, ఎక్కం లేదు. ఎవరూ లేరనుకుని తలుపు తోశారు. అది కదల్లేదు. ఇంకోసారి గట్టిగా తోశారు. ఇత్తడి మోగింది గాని తలుపు రాలేదు.

"ఉన్నానండీ!"

ఆఫీసంతా తలెత్తింది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి మాకు కొంచెం సేపు పట్టింది, ఎందుకంటే ఎవరమూ దాన్ని ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు. కనకరత్నం గారు టైపు మిషను మీద చేతులాపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ టైపు చెయ్యడం మొదలుపెట్టారు.

ఆ వారం చివర శ్రావ్య నా బల్ల దగ్గరికి వచ్చింది. మానేస్తానన్న మాట గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

"సార్, కూజా మరీ చిన్నదండి. పదకొండు గంటలకల్లా నీళ్ళయిపోతన్నాయండి."

నేను అలవాటుగా నోట్ రాయడానికి కాగితం తీశాను. గాలికి అది ఎగిరి విద్యాధర్ గారి గది వైపు వెళ్ళింది. దాన్ని తెచ్చుకుని, నలిపి బుట్టలో పడేసి, మధ్యాహ్నం బజారుకి వెళ్ళి పెద్ద కూజా ఒకటి కొనుక్కొచ్చి కిటికీలో పెట్టాను. అది స్థిరాస్తో చరాస్తో నన్ను ఎవరూ అడగలేదు.